ప్లాస్టిక్ తీయని కుర్చీలు

ఫిబ్రవరి 4

వదినా,

ఉత్తరం ఆసుపత్రి చిరునామాకి వచ్చిందేమిటని కంగారు పడకు. నాకేం కాలేదు. ఇంటికి రాస్తే ముందు అన్నయ్య చేతిలో పడుతుంది. ఫోన్ చేస్తే నీ పక్కనే నించుని "ఏమంటోంది? జ్వరమా?" అంటాడు. అందుకే నువ్వు పనిచేసే కళ్ళ ఆసుపత్రికి రాస్తున్నాను.

నేను మళ్ళీ చదువుకుందామనుకుంటున్నాను.

మూడు నెలల కిందట మా క్లాసులో జరిగింది నీకు సగమే చెప్పాను. చేపల ఫ్యాక్టరీలో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలే మా బడి నిండా. కొత్తగా చేరిన ఒక పిల్ల పొద్దుటి నుంచీ తన భాషలో ఒకే మాట అంటూ ఉంది. ఆకలేమో అనుకుని బిస్కెట్ ఇచ్చాను. ఇంటి మీద బెంగేమో అనుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఆ మాటకి అర్థం కడుపునొప్పి అట. ఆపరేషన్ అయ్యాక డాక్టరు "ఇంకాస్త ఆగి ఉంటే దక్కేది కాదు" అన్నాడు. పిల్ల కోలుకుని బడికి వస్తోంది. నాకే నిద్ర పట్టడం లేదు. ఎవరైనా పిల్ల రెండోసారి ఏదైనా అంటే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయి.

ఇంటి భాష ఒకటీ బడి భాష ఒకటీ అయిన పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉంటారు కదా, వాళ్ళేం చేస్తున్నారు అని వెతుకుతుంటే తెలిసింది, దానికో చదువే ఉందట. అంతర్జాతీయ, తులనాత్మక విద్య. ఒక్కో దేశం పిల్లలకి ఎలా చదువు చెప్తోందో పక్కపక్కన పెట్టి చూస్తారు. పేరున్న కాలేజీల ఫీజులు చూస్తే మాత్రం నేనూ, నా జీతమూ, నా తరవాతి జన్మ జీతమూ కలిపినా చాలవు. తక్కువలో వచ్చేవి ఏరుతున్నాను. వాటిలో ఒకటి మీ ఊళ్ళోనే ఉంది. మొదటి ఏడాది అక్కడ, రెండో ఏడాది విదేశంలో. ఫీజు మిగతావాటిలో నాలుగో వంతు. ఒక్కసారి వెళ్ళి చూసిరావూ? వాళ్ళు పంపిన బొమ్మల పుస్తకంలో భవనం బాగానే ఉంది. బొమ్మలో ఏదైనా బాగానే ఉంటుంది.

అన్నయ్యకి చెప్పకు. నీళ్ళలో దిగకుండా ఈత నేర్చుకోమనే మనిషి.

పిట్ట


ఫిబ్రవరి 12

వదినా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను, తిట్టకు. ఆ కాలేజీ డైరెక్టరు స్వయంగా బడికి ఫోన్ చేశాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో! సీట్లు అయిపోతున్నాయట, అసలు సర్టిఫికెట్లు వెంటనే పంపితే ఒకటి ఆపి ఉంచుతానన్నాడు. నిన్న రిజిస్టరు పోస్టులో పంపేశాను. డిగ్రీ, టీచరు ట్రైనింగు, పుట్టిన తేదీ పత్రం, అన్నీ. దరఖాస్తులో సంరక్షకుల చిరునామా అడిగితే మీ ఇల్లు రాశాను.

పోస్టాఫీసు నుంచి బయటికొచ్చాక భయమేసింది. సంతోషం ఎక్కువైనా అలాగే ఉంటుందేమో. నువ్వు చూసొచ్చి బాగుందని రాస్తే తగ్గుతుంది.

పిట్ట


ఫిబ్రవరి 13

పిట్టా,

నీ నాలుగో తేదీ ఉత్తరం అందింది. ముందు ఒక మాట. అత్తగారింటినీ పుట్టింటినీ పక్కపక్కన పెట్టి చూడ్డం మేం ఎన్నో తరాల నుంచి చేస్తున్నాం, ఒక్క కాలేజీ అయినా మాకు పట్టా ఇచ్చిన పాపాన పోలేదు. నువ్వు తెచ్చుకో, నేను గోడకి తగిలిస్తాను. "ఆడబిడ్డ అర్ధమొగుడు" అంటారు, నాకు దొరికిన అర్ధమొగుడు ఉత్తరాలు రాసి పనులు చెప్పే రకం.

ఇక నవ్వులాట ఆపుతాను. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్ళాను. కింద పరుపుల దుకాణం, పైన నీ కాలేజీ. మెట్ల దగ్గర పెద్ద బోర్డు, గోడ నిండా ప్రపంచపటం. క్లాసు గది చూపించమంటే చూపించారు. కొత్త కుర్చీలు, వాటి మీద ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. బల్లల మీద వేలు పెడితే దుమ్ము. పేరుకి రెండేళ్ళ నుంచి నడుస్తున్న కాలేజీ! లైబ్రరీ అని గాజు బీరువా చూపించారు. ఒక పుస్తకం తీద్దామని చెయ్యి పెడితే వరస మొత్తం ఒక్కసారి కదిలింది. అట్టలే, లోపల ఏమీ లేదు. డైరెక్టరు అనే ఆయన వెనక నుంచి వచ్చి "మీరు పేరెంటా, ఏజెంటా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు.

ఇక్కడ చదివి వెళ్ళినవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారని అడిగాను. "అందరూ విదేశాల్లో స్థిరపడ్డారు" అన్నాడు. ఒక్కరి చిరునామా ఇవ్వమన్నాను. టీ తాగమన్నాడు.

పైన పటారం, లోన లొటారం. ఒక్క కాగితం కూడా పంపకు. వేరేవి చూద్దాం.

వదిన


ఫిబ్రవరి 20

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నాది నీకు అందే ఉంటుంది. పంపేశాను వదినా, అన్నీ పంపేశాను.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. నువ్వు చీకటిగదిలో కళ్ళు పరీక్ష చేస్తున్నావట, పిలవడం కుదరదన్నారు. ఆ తరవాత కాలేజీకి చేశాను. సర్టిఫికెట్లు వెనక్కి ఇవ్వమని అడిగితే డైరెక్టరు అదే మెత్తని గొంతుతో "కంగారెందుకు మేడం, మా విదేశీ భాగస్వాముల దగ్గర భద్రంగా ఉన్నాయి. మనసు మార్చుకుంటే రద్దు రుసుం కట్టండి" అన్నాడు. ఫీజు కంటే అదే ఎక్కువ. నేను పోలీసులకి చెప్తానన్నాను. ఒకసారి దగ్గాడు. తరవాత "మీరు ఆ లాండ్రీ పైన గదిలోనే కదా ఉండేది? మా మనిషిని పంపమంటారా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

ఎలా తెలుసు వదినా?

ఇంకొకటి. మార్చి మధ్యలో విద్యాశాఖ తనిఖీ. పోయినేడు పక్క ఊరి బడిలో నకిలీ పట్టాలు బయటపడ్డాయి కదా, అందుకని ఈసారి ప్రతి టీచరూ అసలు సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టాలట. పెట్టలేనివాళ్ళు ఆ రోజు నుంచే ఇంటికి. హెడ్‌మిస్ట్రెస్ చెప్తుంటే నేను కిటికీ వైపు చూస్తూ నించున్నాను. చదువు కోసం వెళ్ళి ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటే, ఎవరి మొహం చూడను?

గది తలుపుకి బల్ల అడ్డం పెట్టి రాస్తున్నాను.

పిట్ట


ఫిబ్రవరి 26

పిట్టా,

ముందు ఊపిరి తీసుకో. లాండ్రీ సంగతి ఆ మనిషికి ఎలా తెలుసంటే, దరఖాస్తులో నువ్వే రాసి ఉంటావు. నాకు రాసే ప్రతి కవరు వెనకా "లాండ్రీ పైన" అని రాస్తావు కదా. తాడుని చూసి పామనుకోకు. అయినా బల్ల తీయకు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. మెట్ల మీద నీలాంటి అమ్మాయిలు ఇంకొందరు. ఒకామె ఊరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిందట, చేతిలో రసీదు పట్టుకుని ఏడుస్తోంది. డైరెక్టరు లేడన్నారు. లోపలి గదిలో అతని దగ్గు నాకు వినపడుతూనే ఉంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. రాసుకున్నారు. "మీ అంతట మీరే పంపారు కదమ్మా" అన్నారు.

ఇంట్లో ఇంకో గుబులు. మీ అన్నయ్య మాట్లాడడం లేదు. కోపం కాదు, అలిగితే నాకు తెలుస్తుంది. తిండి సరిగ్గా తినడం లేదు. నిన్న నేను స్నానానికి వెళ్ళొచ్చేసరికి నా సంచీ జిప్పు తీసి ఉంది. పొద్దున "వేరే ఊళ్ళో లిఫ్టు పనుంది, మూడు నాలుగు రోజులు పడుతుంది" అని బయలుదేరారు. పనిముట్ల పెట్టె మాత్రం ఇంట్లోనే ఉంది. పనిముట్లు లేకుండా లిఫ్టు ఎలా బాగు చేస్తారు? ఒంట్లో ఏదో పెద్ద జబ్బు దాచి, ఎక్కడో పరీక్షలు చేయించుకుంటున్నారేమోనని నా భయం. నేను ఇక్కడ రోజూ చూస్తాను, చూపు పోతోందని ఇంట్లో చెప్పకుండా వచ్చే మగవాళ్ళని.

నీ భయం ఒక చెవిలో, నా భయం ఒక చెవిలో. ఏది వినను?

వదిన


మార్చి 1

వదినా,

మనిషిని పంపించాడు.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి కిటికీ తీస్తే ఎదురుగా మూసేసిన దుకాణం పంచ కింద ఒకతను నించుని ఉన్నాడు. వాన లేదు, అయినా గొడుగు వేసుకున్నాడు. మొహం కనపడదు. నా కిటికీ వైపే గొడుగు తిప్పి ఉంది. లైటు ఆర్పేసి కూర్చున్నాను. చాలాసేపటికి వీధి దాటి మా మెట్ల దాకా వచ్చాడు. చెప్పుల చప్పుడు వినపడింది. ఒక మెట్టు ఎక్కి ఆగాడు. తరవాత వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇవాళ మళ్ళీ వచ్చాడు. నేను కిందికి దిగి లాండ్రీ ఆవిడ దగ్గర కూర్చున్నాను. ఆవిడ వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి "ఎవరయ్యా నువ్వు?" అని అరిచింది. అతను గొడుగు అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

నాకే చదువూ వద్దు. ఏ దేశమూ వద్దు. నా కాగితాలు నాకు వస్తే చాలు. పిల్లలకి అక్షరాలు చెప్పుకుంటూ ఈ గదిలో పడి ఉంటాను. అన్నయ్యకి ఎలా ఉంది? అది కూడా నా వల్లేనా?

పిట్ట


మార్చి 5

పిట్టా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. చీకటిగదిలో చేశాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆ గొడుగు మనిషి మీ అన్నయ్య.

జబ్బూ లేదు, లిఫ్టూ లేదు. నువ్వు సంరక్షకుల చిరునామాగా మా ఇల్లు రాశావు కదా, "తుది హెచ్చరిక" అని ఆ కాలేజీ ఒక కాగితం పంపింది. అది ఆయన చేతిలో పడింది. అందులో నీ పేరు, విదేశం, గడువు. చెల్లెలు ఎక్కడికో వెళ్ళిపోతోంది, పెళ్ళానికి తెలుసు, తనకి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇదీ ఆయనకి అర్థమైంది. నా సంచీలో నీ ఉత్తరం కోసం వెతికారట. దొరకలేదు, అన్నీ ఆసుపత్రి అరలోనే ఉన్నాయి. నిన్నే అడుగుదామని బండెక్కారు. మీ వీధికి వచ్చి మెట్లెక్కలేకపోయారు.

"ఎందుకు ఎక్కలేదండీ?" అని అడిగాను.

"ఎక్కితే, అవును అన్నయ్యా, వెళ్ళిపోతున్నాను అంటుందేమోనని" అన్నారు.

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టెకి జడిసి పరిగెత్తి చెప్పు తెంపుకున్నారు. ఇంటికి ఒంటి చెప్పుతో వచ్చారు.

ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. చివరికి "అసలువి పంపేసిందా?" అన్నారు. లేచి కిటికీ దగ్గర నించున్నారు. కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. పాతిక అంతస్తుల లిఫ్టు గోతిలో తాడు పట్టుకుని వేలాడే మనిషి, పిట్టా. రోడ్డు దాటాలంటే మాత్రం నా చెయ్యి పట్టుకుంటారు.

ఇవాళ పొద్దున మధ్యాహ్నానికి అన్నం డబ్బా కట్టమన్నారు. పనికా అంటే, "కాదు. ఆ కాలేజీకి" అన్నారు.

వదిన


మార్చి 8

వదినా,

అన్నయ్యేనా?

ఊపిరి వచ్చింది, తరవాత కోపం వచ్చింది. నన్ను కాపలా కాయడానికి వచ్చాడా? ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే నేను తలుపు తీసేదాన్ని కాదూ? నేను ఎవరితోనో వెళ్ళిపోతున్నానని అనుకుని ఉంటాడు, అదే కదా. నా మీద ఆమాత్రం నమ్మకం కూడా లేదు.

ఇలా రాశాక భయమేస్తోంది. ఆ డైరెక్టరు మంచివాడు కాదు వదినా. అన్నయ్యని అక్కడికి ఒంటరిగా పంపకు. కాగితాలు పోతే పోనీ. తనిఖీ వచ్చే బుధవారం. పోయేది ఉద్యోగమే కదా, మనిషి కాదు.

పిట్ట


మార్చి 11

పిట్టా,

నీకు కోపం వస్తే రానీ, కానీ మాట మార్చి చదవకు. ఎవరితోనో వెళ్తున్నావని ఆయన అనుకోలేదు. వెళ్తున్నావని అనుకున్నారు, అంతే. ఆ ఒక్క ముక్కకే ఆయన చెప్పు తెగింది.

ఇక విను. మొదటి రోజు వెళ్ళి, మెత్తని గొంతాయన ముందు నించుని, "మా చెల్లెలి కాగితాలు" అన్నారట. లేవన్నాడు. ఈయన వెళ్ళి ప్లాస్టిక్ తీయని కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది. మధ్యాహ్నం డబ్బా తీసి తిన్నారు. సాయంత్రం మూసేదాకా కూర్చుని ఇంటికొచ్చారు. మర్నాడు మళ్ళీ. కొత్తగా చేరడానికి వచ్చిన ఒక తండ్రి "ఈ కాలేజీ ఎలాంటిదండీ?" అని అడిగితే "మా చెల్లెలి కాగితాల కోసం కూర్చున్నాను" అన్నారట. అబద్ధమూ చెప్పలేదు, నిందా వెయ్యలేదు. ఆ తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మూడో రోజు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. డైరెక్టరు ఈయన మీదికి వంగి "పోలీసుల్ని పిలుస్తాను" అన్నాడు, ఇప్పుడు మెత్తగా కాదు. ఈయన మొహం పాలిపోయింది. డబ్బాకి మూత తిరగేసి పెట్టారు. "పిలవండి" అన్నారు. ఎవరికీ వినపడలేదు, మళ్ళీ అన్నారు. "పిలవండి. నేను ఇక్కడే ఉంటాను." మెట్ల మీది అమ్మాయిలు వచ్చి పక్క కుర్చీల్లో ఒక్కొక్కరే కూర్చున్నారు. ప్లాస్టిక్ చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు.

చివరికి డైరెక్టరు లోపలి గది బీరువాలోంచి కవరు తెచ్చి ఈయన ఒళ్ళో పడేశాడు. విదేశమూ లేదు, భాగస్వామీ లేదు. డిగ్రీ, ట్రైనింగు, పుట్టిన తేదీ, అన్నీ ఉన్నాయి.

పోస్టు మీద నమ్మకం లేదట, తనే తెస్తానంటున్నారు. ఈ ఉత్తరం, ఆయనా ఒకే బండిలో రావచ్చు. మెట్లెక్కేలా చూడు. ఇస్త్రీపెట్టె ఆవిడకి ముందే చెప్పు.

వదిన


మార్చి 19

వదినా,

ఎక్కాడు. తలుపు తీసేసరికి కవరు రెండు చేతులతో గుండెలకి పట్టుకుని నించున్నాడు. ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక, నేను "టీ పెట్టనా?" అంటే, అన్నయ్య "తలుపుకి గడియ బలంగా లేదు" అన్నాడు. టీ చల్లారేలోపు గడియ మార్చేశాడు.

బుధవారం తనిఖీ అయింది. అధికారి నా కాగితాలు వెలుతురుకి పట్టి చూశాడు. "సరే" అని పక్క బల్లకి వెళ్ళాడు.

ఆ సాయంత్రం అన్నయ్య బల్ల మీద నేను ఏరి పెట్టుకున్న కాలేజీల ప్రకటనల కట్ట చూశాడు. "ఇక అవేం వద్దులే" అని తీసెయ్యబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "వాడు దొంగైతే చదువు దొంగదా?" అన్నాడు. "నాకు భయంగా ఉందన్నయ్యా" అన్నాను. "నాకూ ఉంది. చూపించు" అన్నాడు.

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. నువ్వు ఆ డైరెక్టరుని అడిగిన ప్రశ్నే పట్టుకున్నాం. చదివినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? నిజానికి డిసెంబరులోనే కొన్ని కాలేజీలకి ఆ ప్రశ్న రాశాను. సముద్రం అవతల ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పాత విద్యార్థుల చిరునామాలు పంపింది, ఒకామె జవాబు కూడా రాసింది. అన్నీ ఫిర్యాదులే. హాస్టలు చలిగా ఉంటుంది, లైబ్రరీ తొందరగా మూసేస్తారు, మంచి మేష్టారు ఒకాయన రిటైరైపోయారు, రెండో ఏడాదంతా అక్కడి బళ్ళలో పనిచేయించి నడుం విరుస్తారు. ఆ పనికి బదులుగానే ఫీజు తక్కువట. చివర్లో "నేనిప్పుడు విద్యాశాఖలో వలస పిల్లల విభాగంలో ఉన్నాను. ఆ చదువు లేకపోతే ఉండేదాన్ని కాదు" అని రాసింది. అది చదివి అప్పట్లో భయపడి పక్కన పడేశాను. ఫిర్యాదులు లేని కాలేజీ వైపు పరిగెత్తాను.

అన్నయ్య రెండుసార్లు చదివి "అమ్ముకునేవాడు చలి సంగతి చెప్పడు. ఇదే నిజం" అన్నాడు. మన విద్యాశాఖ గుర్తింపు ఉందో లేదో కూడా మర్నాడు నాతో వచ్చి అడిగాడు. ఉంది.

దరఖాస్తు పెట్టాను. ఈసారి నకళ్ళు మాత్రమే అడిగారు.

పిట్ట


ఆగస్టు 27

పిట్టా,

నీకు సీటొచ్చిన సంగతీ, ప్రయాణం తేదీ తెలిశాయి. ఒక మాట చెప్పాలి, ఏడవకు. మీ అన్నయ్య నిన్ను ఓడ ఎక్కించడానికి రాలేరు. కాగితాలు దొరికాక ఊరుకోలేదాయన. నీ దగ్గర నుంచి వచ్చిన మర్నాడు మిగతా అమ్మాయిల కోసం మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు, ఆ తరవాత కూడా. సెలవులన్నీ అయిపోయేదాకా కూర్చున్నారు. దాంతో ఆ డైరెక్టరు మీద కేసయింది. కోర్టులో సాక్ష్యం చెప్పమని పిలుపు వచ్చింది. సరిగ్గా ఆ రోజే, ఆ పొద్దునే.

వాయిదా అడగొచ్చన్నాను. "వాడు మళ్ళీ బోర్డు కడతాడు" అన్నారు. వంటింట్లో గోడకి ఎదురుగా నించుని, చెప్పాల్సింది వల్లె వేస్తున్నారు. మధ్యలో మర్చిపోయి మొదటికి వస్తున్నారు. నిన్న ఎవరో ఇంటికి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. ఆయనకి చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

నేను ఆయనతో ఉండాలి. నువ్వు ఒక్కదానివే ఎక్కగలవా?

వదిన


సెప్టెంబరు 10

వదినా,

ఎక్కాను. పెట్టె ఒక చేత్తో, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, వదలమంటే వదలకుండా నించున్నాను. టిక్కెట్ చూసే ఆయన "లోపలికి వెళ్ళమ్మా" అంటే, "వెళ్తాను, కొంచెం ఆగండి" అన్నాను. అదే వేళకి అన్నయ్య బోనులో ఉంటాడు కదా. ఏం జరిగిందో తెలియకుండా ఇంత దూరం వచ్చేశాను. రోజూ పోస్టు పెట్టె చూస్తున్నాను. త్వరగా రాయి.

హాస్టలు నిజంగానే చలిగా ఉంది. ఆ పాత విద్యార్థిని రాసింది నిజమేనని ఎంత ధైర్యం వచ్చిందో! రేపు మొదటి క్లాసు.

పిట్ట


సెప్టెంబరు 21

పిట్టా,

చెప్పారు. వల్లె వేసిందంతా మొదట్లోనే మర్చిపోయారు. జడ్జిగారు నీళ్ళు ఇప్పించారు. అవతలి లాయరు "మీరు బెదిరించడానికే కూర్చున్నారు కదా?" అని అడిగితే, ఈయన అటూ ఇటూ చూసి "నేనా? బెదిరించడమా?" అన్నారు. అంత నిజంగా అన్నారు, కోర్టులో జనం నవ్వారు. తరవాత ఒక్క ముక్క తప్పకుండా అంతా చెప్పారు. అమ్మాయిలందరి కాగితాలూ ఇప్పించమని ఆ రోజే ఉత్తర్వు వచ్చింది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన ఆమె గుర్తుందా, తనవి తీసుకుని మీ అన్నయ్యకి దండం పెట్టింది. ఆయన నా వెనక దాక్కున్నారు.

కేసు ఇంకా అవలేదు. ఆ ఫోన్లు కూడా ఆగలేదు. ఈ సంగతి ఇప్పుడు ఆయనకీ చెప్పేశాను. మన ముగ్గురిలో ఇక ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ దాచకూడదు.

నిన్న కోర్టు నుంచి రెండో పిలుపు వచ్చింది, వచ్చే నెలకి. కాగితం చేతిలో పట్టుకుని గుమ్మంలో నించుంటే, "ఇప్పటికైనా భయం తగ్గిందా?" అని అడిగాను.

"లేదు. ఆ రోజుకి డబ్బా కట్టు" అన్నారు.

వదిన